అనసూయ జుట్టుకెక్కిన ఇత్తడి

3 నవంబరు 1959. నల్లగొండ.

బంగారం అనుకున్నాను. ఇత్తడి వచ్చింది. అదీ తోమిన ఇత్తడి కాదు. చింతపండు ముఖం చూడక పొయ్యి పక్కన పడి ఉన్న చెంబు.

అనసూయ అద్దం అడిగింది. ఇచ్చాను. అటు తిప్పి, ఇటు తిప్పి చూసుకుంది... "కాకా, గిది నా తలకాయేనా?" అంతే అంది. తిట్టి ఉంటే బాగుండేది.

తిట్టే పని రాజలింగం చేశాడు. నాటకం కంపెనీ ఆయనది, కాబట్టి నోరు కూడా ఆయనదే. "తెల్లదొర పెండ్లాన్ని జేస్తనంటివి. బంగారు జుట్టంటివి. గీ చెంబుల నీళ్లు వోసుకొని తాగమంటవా కాకా?"

ముఖాలకు రంగులు పూసి పూసి ముసలివాణ్ణయ్యాను. మీసాలవాణ్ణి సీతను చేశాను, మూతి వంకరవాణ్ణి కృష్ణుణ్ణి చేశాను. ఒక ఆడమనిషి నల్లటి జుట్టు పాడుచేయడానికి ఇంత అనుభవం కావలసి వచ్చింది.

4 నవంబరు

రాసిపెట్టుకుంటే మనసు కుదుటపడుతుందేమో.

పట్నంలో దొరసాని టోపీజుట్టు కిరాయికి దొరుకుతుంది. రాజలింగం తెస్తానన్నాడు కూడా. నేనే వద్దన్నాను. అది గుర్రం తోక వెంట్రుక, పెట్రోమాక్స్ వెలుగులో గుర్రం తోకలాగే కనిపిస్తుంది అని ఉపన్యాసం ఇచ్చాను. సొంత జుట్టునే బంగారం చేసే ఉపాయం నాకు తెలుసన్నాను. ఎట్లా తెలుసు? పల్లీలు చుట్టి ఇచ్చిన ఉర్దూ పత్రిక కాగితంలో చదివాను. నా చదువంతా అట్లాంటిదే. బడి ముఖం చూసినవాణ్ణి కాను, పొట్లాలు విప్పి నేర్చుకున్నవాణ్ణి. పొట్లం చదువుతో ఒకటే చిక్కు — సగం కాగితమే మన చేతికి వస్తుంది. మిగతా సగం ఇంకెవరి పల్లీలకో పోతుంది.

దవాఖానలో పుండ్లు కడిగే నురుగు మందు, చిక్కటిది. నవసాగరం, సున్నం కలిపితే లేచే ఘాటు. రెండూ పట్టించగానే జుట్టు వేడెక్కింది. వేడి అంటే మామూలు వేడి కాదు — చేత్తో పట్టుకోలేనంత. ఆవిరి లేచింది. అనసూయ పళ్లు బిగబట్టి కూర్చుంది.

"మండుతాంది కాకా."

"ఓర్చుకో బిడ్డా, బంగారం కాగుతాంది."

ఆ మాట అన్నది నేనే. ఇంకెవరో అనలేదు.

ఎందుకంత వేడెక్కిందో కాగితంలో లేదు. ముందే అడిగాను కూడా, జుట్టుకు ఏమైనా రాస్తావా అని. కొబ్బరినూనె తప్ప ఏమీ లేదంది.

6 నవంబరు

ఆట అయింది. అనసూయ తెర దాటి రాగానే ముందు వరుసలో ఎవడో, "అరె, దొరసాని గాదురో, మక్కకంకి పీచు!" జనమంతా ఒకటే నవ్వు. నవ్వు ఆగేదాకా నిలబడింది. ఆగాక మాట మొదలుపెట్టింది. గొంతు వణకలేదు.

8 నవంబరు

పొద్దున ధోవతి ఉతుక్కుంటూ ఉండగా తట్టింది. తెల్లబట్ట పసుపెక్కితే ఏం చేస్తాం? నీలం పెడతాం. పసుపు ఎక్కడికీ పోదు. నీలం దాని మీద కూర్చుని కంటిని మోసం చేస్తుంది. రంగులే బతుకుగా బతికినవాణ్ణి, ఇన్నాళ్లూ ఎందుకు తట్టలేదు?

తాడు మీద ధోవతి ఆరేయకుండానే అంగడికి పరుగెత్తాను.

9 నవంబరు

ఆకుపచ్చ.

10 నవంబరు

నిన్న ఇంకేమీ రాయబుద్ధి కాలేదు. నీలం ఎక్కువైంది. పసుపులో నీలం పడితే ఆకుపచ్చ అవుతుందని పసిపిల్లలకు తెలుసు. మల్లయ్య మా కంపెనీకి దుశ్శాసనుడు, రావణుడు, అవసరం పడితే గుర్రాల డెక్కల చప్పుడు కూడా. చిలకను పిలిచినట్టు నాలుక చప్పరించి, "అనసూయక్కా, జాంపండు పెట్టాల్నా?" అన్నాడు.

"పెట్టురా. పండుతోని నీ ముక్కు గూడ కొరుకుత."

అని పడీపడీ నవ్వింది. కళ్లలో నీళ్లొచ్చేదాకా. నవ్వు వల్ల వచ్చిన నీళ్లేనని అనుకోవాలని ఉంది.

12 నవంబరు

నీలంలో చిటికెడు గులాబీ రంగు, మిఠాయిలో కలిపేది. వంకాయ పూవు రంగు నీళ్లయ్యాయి. పలచగా, ఇంకా పలచగా, చెయ్యి ముంచితే చేతికి అంటనంత పలచగా. తల మీద పోసి, కాసేపు ఆగి కడిగేశాను. ఎండలో ఆరబెట్టింది.

ఇత్తడి దిగింది! బంగారం అనను. మంచు పడిన వరిగడ్డి అనవచ్చు. దొరసానికి అది చాలు. రాజలింగం చుట్టూ తిరిగి చూసి "ఊఁ" అన్నాడు. ఆ మనిషి ఊఁ అన్నాడంటే మరొకరు దండ వేసినట్టు.

ఈ పూట అన్నం సయించింది.

20 నవంబరు. మర్రిగూడ.

ఈ ఊరి బావి నీళ్ల సంగతి వినడమే గానీ ఇన్నాళ్లూ తల పోసుకోలేదు. సబ్బు రుద్దితే నురగ రాదు, పప్పు పెడితే ఉడకదు. ఇక్కడి పిల్లలు నవ్వితే పళ్ల మీద పసుపు గారలు. నిన్న మా కోసం నీళ్లు తోడిన మనిషి వయసులో నాకంటే చిన్న, నడుము మాత్రం విల్లు. ఏ పాపమో అంటారు ఊరివాళ్లు. బావిలో ఏదో ఉంది అంటాను నేను. ఎవరు వింటారు, పొట్లం చదువువాడి మాట.

ఎముకలనే వంచే నీళ్లు వెంట్రుకలను వదులుతాయా. ఇత్తడి మళ్లీ ఎక్కింది. పైగా గరుకు. అనసూయ దువ్వెన పెడితే ఎండు జొన్నచొప్ప విరిచినట్టు చప్పుడు.

కుదుళ్ల నుంచి ఊడితే మళ్లీ మొలుస్తుందన్న ఆశ. ఇది మధ్యలో తెగుతోంది.

22 నవంబరు

పూసలామె వచ్చింది. ఆడవాళ్లు దాచుకున్న రాలు వెంట్రుకలు తీసుకుని పిన్నీసులు, పూసలు ఇచ్చే మనిషి. అనసూయ బసలో గోడ సందులో చుట్టలు చుట్టి పెట్టుకున్నది తీసి ఇచ్చింది. ఆమె వేళ్ల మధ్య నలిపింది, వాసన చూసింది, మళ్లీ నలిపింది.

"గిది మనిషి వెంట్రుకనా, కొబ్బరి పీచానే?"

"మనిషిదే. నాదే."

"నీదైతే నీ తాననే ఉంచుకో తల్లీ. దీంతోని సవరం అల్లితే కట్టుకున్నోళ్లు నన్ను ఎంటపడి కొడ్తరు." పోతూ పోతూ ఒక పిన్నీసు చేతిలో పెట్టింది. "గిది ఊకెనే. ఉంచుకో."

జాలిపడి ఇచ్చిన పిన్నీసు. అనసూయ దాన్ని రవికకు పెట్టుకుంది. ఊకె ఇచ్చినా తీసుకోకపోతే ఆమె చిన్నబుచ్చుకుంటుందట.

24 నవంబరు

గంజి పట్టించాను. మెంతులు నానబెట్టి రుబ్బి పట్టించాను. మందారాకు. ఆముదం వెచ్చజేసి. కోడిగుడ్డు సొన — దానికి చీమలు వచ్చాయి, ఒక కుక్క కూడా వెంటపడింది. మల్లయ్య కుక్కను తరుముతూ, "కాకా, రేపు ఉల్లిగడ్డ, మిరపకాయ గూడ ఎయ్యి, తినిపోదం" అన్నాడు.

బావినీళ్లు మాని, ఊరవతల కుంటలో నిలిచిన వాననీళ్లు తెచ్చి పోస్తే ఇత్తడి కొంత తగ్గింది. మెత్తదనం మాత్రం రాలేదు. కాలిన బట్టకు ఎన్ని మడతలు పెడితే ఏం?

26 నవంబరు

తెలిసింది. తెలియకపోయినా బాగుండేది.

ఆలేరు పోయే బండిలో పక్కన కూర్చుని, ఎవరూ వినకుండా, బండి చప్పుడు పెద్దగా ఉన్నప్పుడు చెప్పింది. "కాకా, నువ్వడిగిన్నాడు నేను అబద్ధం జెప్పిన. తెల్లవడుతాందని రాస్తున్న. గోరింటాకు, కరక్కాయ. ఇనుప మూకుట్ల నానవెట్టి. ఏండ్ల సంది."

ఇనుప మూకుడు. ఆ నలుపంతా ఇనుము నలుపే. ఇనుమెక్కిన జుట్టు మీద నురుగు మందు పోస్తే పొయ్యి మీద పోసినట్టే కదా! మిగతా సగం కాగితంలో ఉన్నది ఇదే అయి ఉండాలి.

"ముందే చెప్పరాదా బిడ్డా" అన్నాను.

"ఎట్ల జెప్పాలె? రాజలింగం సేటు ముందట అడిగినవ్. మల్లిగాడు నవ్వుకుంట నిలవడ్డడు. తల నెరిసిందంటే రేపటి సంది నన్ను కుంతిని జేస్తరు."

నిజం. అందరి ముందూ అడిగాను, పశువు పళ్లు చూసే బేరగాడిలాగ. ఏ ఆడమనిషి చెబుతుంది? తెర చాటుకు పిలిచి ఒక్క మాట అడగడానికి నాకేం అడ్డం? నా తెలివి నలుగురికీ వినిపించాలి, అదే అడ్డం.



2 డిసెంబరు. ఆలేరు.

రాజలింగం తేల్చాడు. దొరసాని నాటకం ఇక్కడితో సరి. ఆత్మకూరులో భారతం ఆడాలి, ద్రౌపది.

కంపెనీకి పేరు తెచ్చిందే అనసూయ ద్రౌపది. సవరం లేదు, టోపీ లేదు. మల్లయ్య నిజంగానే జుట్టు పట్టి ఈడ్చుకొస్తాడు, జనం లేచి వాణ్ణి చెప్పులతో కొట్టబోతారు. ఈరోజు సాధన చేయమంటే మల్లయ్య చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"నాతోని కాదు సేటు. వట్టుకుంటే ఊడొస్తది. గంత పాపం నాకద్దు."

"ఏసమే గదరా!"

"ఏసం నాది. జుట్టు అక్కది."

ఈ మల్లయ్యను నేను పదిమందిలో మొద్దు అని పిలిచేవాణ్ణి.

4 డిసెంబరు

చెప్పక తప్పలేదు. కాలిన మేర కత్తిరించాలి. కాలింది కుదుళ్ల దాకా, అంటే మొత్తం. కింద నుంచి కొత్తది వస్తుంది, నల్లదో తెల్లదో, ప్రాణం ఉన్నది. ఈ కాలిన బరువు ఉంచితే వచ్చేదాన్ని కూడా లాగి తెంపుతుంది.

అనసూయ కొంగు తల మీదికి లాక్కుంది. "ఆయన ఉండంగనా?"

ఆయన. మేస్త్రీల వెంట బొంబాయి పోయిన మనిషి. ఖబరు లేక ఏండ్లయింది. పోయాడని చెప్పినవాడు లేడు, ఉన్నాడని చెప్పినవాడూ లేడు. ఆత్మకూరులో అత్త ఒక్కతే ఉంటుంది. బొంబాయి నుంచి ఎవరు దిగినా పోయి అడుగుతుందట. అనసూయ బొట్టు, గాజులు, జడ... ఈ మూడింటి మీదే ఆ మనిషి బతికి ఉన్నాడు.

"ముత్తైదువ నెత్తి మీద కత్తెర వెడితె నేనే ఆయన్ను సంపినట్టు కాకా. అత్త సూస్తె ఏమనుకుంటది?"

నా దగ్గర అన్ని రంగులకూ పేర్లున్నాయి, దీనికి తప్ప.

5 డిసెంబరు

పొద్దున ఆమే వచ్చింది. నిద్రపోయిన ముఖం కాదు. "యాదగిరిగుట్ట ఈన్నే గదా కాకా. నర్సింహస్వామికి ఇస్త. దేవునికిచ్చినంక ఎవ్వడడుగుతడు?"

ఇంత సులువైన దారి నాకు తోచలేదు. సంతోషపడవలసింది. కానీ నేను కాల్చిన జుట్టును మొక్కు అని చెప్పి దేవుడికి అంటగట్టడం... దేవుడు అడగడు. అదే భయం.

7 డిసెంబరు

రాయగిరిలో దిగి జట్కాలో యాదగిరిగుట్ట. నేను, ఆమె. రాజలింగం పొమ్మన్నాడు, ఆయన కళ్లు తుడుచుకోవడం మొదటిసారి చూశాను, దుమ్ము అన్నాడు.

కల్యాణకట్ట దగ్గర నేను బయటే నిలబడ్డాను. లోపల నుంచి మంగలి మాట వినిపించింది. "ఏం రంగు తల్లీ ఇది? ఏ ఊరోళ్లు మీరు?" అనసూయ ఏమందో వినిపించలేదు. ఆ తర్వాత కత్తి చప్పుడు. తడి గుండు మీద కత్తి చప్పుడు ఎట్లా ఉంటుందో ఎప్పుడూ ఇంత శ్రద్ధగా వినలేదు.

బయటికి వచ్చింది. చిన్న తల. చెవులు అంత పెద్దవని తెలియదు. ఎండకు కళ్లు చిట్లించి, "ఎట్లున్న కాకా?" అంది.

ఎందరు ఆడవాళ్లు, ఎందరు మగవాళ్లు నా ఎదుట కూర్చుని ఇదే ప్రశ్న అడిగారు! అందరికీ ఏదో ఒకటి చెప్పి పంపాను. ఈ ఒక్కసారి — "కొంగు కప్పుకో, ఎండ తగులుతది" అన్నాను.

8 డిసెంబరు

బాగున్నావు అంటే సరిపోయేది. బాగుంది కూడా. ఆ మాటకు ఏం ఖర్చు?

15 డిసెంబరు

రాజలింగం ద్రౌపదిని ఆమెకే ఉంచాడు. పట్నం నుంచి నల్లటి టోపీజుట్టు తెప్పించాడు. నేను వద్దన్నదే, రంగు మాత్రం వేరు. మల్లయ్య జుట్టు పట్టడు, కొంగు పట్టుకుని ఈడుస్తాడు. జనం ఒప్పుకుంటారో లేదో. టోపీజుట్టును ఎక్కడికక్కడ తుమ్మబంకతో అంటిస్తున్నాను.

అంటించేటప్పుడు గుండు మీద వేళ్లు తగులుతాయి. గరుకు మొదలైంది, ఏదో మొలుస్తోంది. నల్లదా తెల్లదా నేను చూడలేదు. ఆమె అడగలేదు.

20 డిసెంబరు. ఆత్మకూరు.

వచ్చాం. అత్త దగ్గరికి రేపు పోయి చెబుతానంది అనసూయ. మొక్కు సంగతి నెమ్మదిగా, తానే చెబుతుందట. పొద్దున పోవే, ఆలస్యం చేయకు అన్నాను. సరేనంది.

21 డిసెంబరు. పొద్దుగూకే వేళ.

ఆట మొదలయ్యే గంట కొట్టేలోపు రాయాలి.

పొద్దున పోలేదు. పందిరి పని, సాధన... మధ్యాహ్నం అన్నం కాగానే రంగు వేయడానికి కూర్చోబెట్టాను. తొందరపడ్డాను. ముఖానికి కొబ్బరినూనె రాసి బట్టతో తుడిచాను, ఎప్పటిలాగే. బొట్టు కూడా తుడుచుకుపోయింది, ఎప్పటిలాగే. టోపీజుట్టు పక్కన పెట్టె మీద ఉంది.

అప్పుడే తెర ఎత్తుకుని ముసలామె. కోడలు వచ్చిందని ఎవరో చెప్పారట. చేతిలో గుడ్డలో కట్టిన జొన్నరొట్టె.

చూసింది. జుట్టు లేని తల. ఖాళీ నొసలు. రొట్టె కింద పడింది.

"ఎన్నడు తెల్సింది?" అంది. మామూలుగా అడిగినట్టే అడిగింది. అట్లా అడిగి నేల మీద కూలబడి, రెండు చేతులతో నోరు కొట్టుకుంటూ, "కొడుకా, ఓ నా కొడుకా, నాకన్న ముందట వోతివా కొడుకా..." పందిరి బయటి జనమంతా మూగారు. మల్లయ్య గద పట్టుకుని నిలబడిపోయాడు.

అనసూయ ఆమె చేతులు పట్టుకుంది. "కాదత్తా. అత్తా, నా మాటిను. గట్లేం గాలే. మొక్కు. గుట్ట మొక్కు. బొట్టు గిప్పుడే రంగు కోసం తుడిసిండ్రు, సూడు, కాకనడుగు."

ముసలామె నా వైపు తిరిగింది. తల ఊపాను. నూనె గుడ్డ చూపించాను. ఏడుపు ఆగింది. కొంగుతో కళ్లు తుడుచుకుని కోడలి వైపు తిరిగింది.

"ఏం మొక్కు?"

ఇదొక్కటి మేం ఇద్దరం ఆలోచించుకోలేదు.

అనసూయ నన్ను చూసింది. నేను చెప్పి ఉండవలసింది. ముసలివాడి తెలివితక్కువతనం తల్లీ, మందు పోసి కాల్చాను, మొక్కూ లేదు ఏమీ లేదు అని. నోరు తెరిచాను కూడా. నేను మాట కూడదీసుకునేలోపు...

"నీ కొడుకు రావాలని" అంది అనసూయ. "ఆయన ఇంటికొస్తె తలనీలాలిస్తనని మొక్కిన. ఆగలేక ముందుగాల్నే ఇచ్చిన."

ముసలామె లేచింది. కోడలి గుండును రెండు చేతులతో నిమిరింది, మెటికలు విరిచింది. "ముందుగాల్నే ఇచ్చినవా! గట్లయితే దేవుడే మనకు బాకీ గదనే బిడ్డా, వాణ్ణి పంపక ఏడికి వోతడు?" పడిన రొట్టె దులిపి, సగం అనసూయకు, సగం నాకు. నమిలాను.

అనసూయకు రంగు వేశాను, టోపీ అంటించాను. చివర్లో అడిగింది, "రాకుంటే ఏం జెప్పాలె కాకా?"

"వస్తడేమో" అన్నాను. మళ్లీ అదే నోరు.

ఇప్పుడు మద్దెల సరిచేస్తున్నారు. జనం నిండుతున్నారు. తన కొడుకు వస్తున్నాడని ముసలామె ఊరంతా చెప్పుకుని వచ్చి, ముందు వరుసలో చాప పరుచుకుని కూర్చుంది. ఒక్కతికి ఎక్కువైన చాప. పక్కన ఎవరు కూర్చోబోయినా చేత్తో తోసేస్తోంది.

అనసూయ తెర చిరుగుకు కన్ను ఆనించి చూస్తోంది. "అత్త పక్కకు ఎవ్వల్నీ కూసోనిస్తలేదేంది కాకా?"

నాకు తెలుసు. ఆమెకూ తెలుసు. బంక ఆరిందో లేదో చూస్తున్నట్టు చెయ్యి ఆమె తల మీదే ఉంచాను.